చర్చి మానేస్తే కులం కాగితం దానంతటదే మారదు

క్రైస్తవ విశ్వాసం వదిలేసినవాళ్ల గురించి మన దగ్గర పుకార్లకు కొదవ లేదు. దేవుడి శాపం తగులుతుందని ఒకరు, తాగుడుకు బానిసైపోతారని ఇంకొకరు, సంతానం నిలవదని మరొకరు. వీటితో వాదన పెట్టుకోవడం దండగ. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లల్లోనూ రోగాలున్నాయి, తాగుబోతులున్నారు, పిల్లలు లేనివాళ్లున్నారు. ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న మాట మాత్రం నవ్వి వదిలేసే రకం కాదు. చర్చి మానేశానని స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలు, ఎస్సీ సర్టిఫికెట్ దానంతటదే వచ్చేస్తుంది, ఒకసారి చేతికొచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు అన్నది దాని సారాంశం. తహసీల్దారు ఆఫీసు బయట టీ బంకు దగ్గర కూర్చునే బ్రోకరుకి ఇది బంగారు బాతు. వాడి చేతిలో పోసిన డబ్బు పోతే పోయింది, అసలు దెబ్బ అప్పుడు తగలదు. ఉద్యోగం వచ్చి, ఇంటి లోను తీసుకుని, పిల్లల్ని బడిలో వేశాక, సీనియారిటీ తగాదాలో ఎవడో కలెక్టరుకి ఒక పిటిషన్ పడేస్తాడు. అప్పుడు తగులుతుంది.

చట్టం ఏమంటుందో సంగతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, పుకారు ఎక్కడ తప్పుదారి పట్టిందో చూపడానికి గుర్తుచేయాలి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా ఆ హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు ఆ గీతకు అవతలే ఉండిపోయారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందికి వస్తారు, వాళ్ల వాటా ఒక్క శాతం. ఇంతవరకు అందరూ సరిగ్గానే చెబుతారు. ఆ తర్వాతే పప్పులో కాలేస్తారు. గీత దాటితే హోదా పోయింది కాబట్టి, వెనక్కి అడుగేస్తే తిరిగొచ్చేస్తుందని లెక్క కడతారు. కోర్టులు అలా లెక్క కట్టలేదు. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు మూడు సంగతులు రుజువు కావాలంది: పూర్వీకులది ఆ కులమేనని స్పష్టమైన ఆధారం ఉండాలి, ఆ కులం పాటించిన అసలు మతంలోకి తిరిగి రావాలి, ఆ కులంవాళ్లు తమలో ఒకడిగా కలుపుకున్నట్టు సాక్ష్యం ఉండాలి. నోటరీ చేసిన అఫిడవిట్ ఈ మూడింట్లో దేనికి సరిపోతుంది? రాసినవాడి సంతకం వాడిదేనని తప్ప అది ఇంకేమీ రుజువు చేయదు. పైగా నాస్తికుడై చర్చి మానేసినవాడి సంగతి చూడండి. తాను ఏ దేవుణ్ణీ నమ్మనని నిజాయితీగా రాసిస్తే రెండో షరతు దగ్గరే ఆగిపోతాడు, ఎందుకంటే అతను ఎక్కడికీ తిరిగి రాలేదు, వెళ్లిపోయాడంతే. విశ్వాసం వదలడం, పాత మతంలో చేరడం ఒకటే అనుకోవడంలోనే ఈ పుకారు మూలం ఉంది.

‘మావాడికి వచ్చింది కదా, ఇరవై రోజుల్లో చేతికిచ్చారు కదా’ అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రావడం నిజమే. వచ్చిన కాగితం నిలవడం వేరే సంగతి. కుల ధ్రువీకరణ పత్రాల గురించి ఉమ్మడి రాష్ట్రంలో 1993లో చేసిన చట్టం తప్పుడు సర్టిఫికెట్‌ను రద్దు చేసే అధికారం జిల్లా కలెక్టరుకిచ్చింది. రుజువు చేసుకోవాల్సిన భారం ఫిర్యాదు చేసినవాడి మీద కాదు, సర్టిఫికెట్ పొందినవాడి మీదే పెట్టింది, మోసంతో తెచ్చుకున్నదని తేలితే జైలుశిక్షకూ చోటిచ్చింది. విచారణలో బయటికొచ్చేవి మామూలు కాగితాలే: బడిలో చేర్చినప్పటి రిజిస్టరులో మతం గడి, బాప్తిస్మం రికార్డు, అన్నిటికన్నా గట్టిది 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి రిజిస్టరు. అమ్మ బాధపడుతుందని పాస్టరుగారి ముందు పెళ్లి చేసుకుని, ఆ రిజిస్టరులో సంతకం పెట్టి, మరుసటి నెల క్రైస్తవుణ్ణి కానని అఫిడవిట్ ఇస్తే విచారణాధికారి దేన్ని నమ్ముతాడో ఊహించడానికి లా చదవక్కర్లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బాప్తిస్మం ఉంది, చర్చికి వెళుతున్న ఆధారాలున్నాయి, అడిగేది ఎస్సీ సర్టిఫికెట్. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మతం మారానంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు తేల్చేసింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకరి అట్రాసిటీ కేసులో ఇంకో సంగతి చెప్పింది: సర్టిఫికెట్ ఎవరూ రద్దు చేయలేదు కదా అన్నంత మాత్రాన, క్రైస్తవుడిగా బతుకుతున్నవాడికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ దొరకదు. అంటే కాగితం బీరువాలో భద్రంగా ఉన్నా, బతుకు దానికి సరిపోవాలి.

ఈ పుకారుకు కవల తమ్ముడు ఒకడున్నాడు. తాత బాప్తిస్మం తీసుకుంటే ఇక తరతరాలకీ దారి మూసుకుపోయిందనేది వాడి మాట. అదీ తప్పే. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసు దీనికి జవాబు చెప్పి యాభై ఏళ్లయింది. ఆ విద్యార్థి తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు. అతను 1973లో హిందూ మతంలోకి వచ్చాడు. పుట్టుకతో హిందువు కాకపోయినా, కులంవాళ్లు కలుపుకుంటే ఆ కులస్తుడు కావచ్చని సుప్రీంకోర్టు అంది. కేరళకు చెందిన మను విషయంలో మతం మారింది తండ్రి కూడా కాదు, తాత. మను 1984లో తిరిగొచ్చాడు. చాలా ఏళ్లకు ఫిర్యాదు పడింది, సర్టిఫికెట్ రద్దయింది, ఉద్యోగం పోయింది. చివరికి 2015లో సుప్రీంకోర్టు అతణ్ణి మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది. గెలిచాడు కాబట్టి అంతా సులువేనని చెప్పేవాళ్లు 1984కీ 2015కీ మధ్య ఎన్నేళ్లో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టాలి. నిజంగా తిరిగొచ్చి, ఆధారాలన్నీ ఉన్నవాడి పరిస్థితే అది. ఎస్టీలకు మాత్రం ఈ గొడవే లేదు, వాళ్ల ఉత్తర్వులో మతం షరతే లేదు.

ఇంత కఠినమైన నియమం న్యాయమా అని అడగొచ్చు. అడగాలి కూడా. 1878లో ఒంగోలు దగ్గర మిషనరీ క్లౌ దొర ఒక్కరోజులో రెండు వేల మందికి పైగా బాప్తిస్మం ఇచ్చినప్పుడు పల్లెలకు పల్లెలు కలిసి కదిలాయి. ఆ ప్రవాహంలో కులం కరిగిపోలేదు, చర్చి గుమ్మం లోపలికి కూడా వచ్చి కూర్చుంది. చెప్పులు కుట్టే పని మానినా, పేరు మారినా, ఊరి దృష్టిలో వాడకట్టు మారలేదు. మూడో పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది, ఇదే విషయం చూడటానికి 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నియమం మారాలని పోరాడటం ఒక దారి. నియమం మారకముందే మారిందనుకుని అప్లికేషన్ పెట్టడం ఇంకో దారి. రెండోదాన్ని ఎంచుకున్న కుర్రాడికి కమిషన్ రిపోర్టు అండగా నిలవదు. ఒక్క సంగతి మాత్రం ఆ పల్లెల చరిత్ర నుంచి పనికొస్తుంది. క్రైస్తవంలో చేరింది గుంపుగా, వదిలేది మాత్రం ఒంటరిగా. కులం కలుపుకోవాలన్న షరతు కాగితం మీద చిన్నదిగా కనబడినా, పేటలో సగం ఇళ్లు చర్చివే అయినచోట ఆ కలుపుకోవడానికి సాక్ష్యం చెప్పేదెవరన్నది చాలా పెద్ద ప్రశ్న.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. నమ్మకం పోతే పెళ్లి రద్దవుతుందంటారు, కాదు. 1869 విడాకుల చట్టంలో భర్తో భార్యో వేరే మతంలోకి మారితే రెండోవాళ్లు విడాకులు అడగొచ్చు, ఊరికే చర్చి మానేయడం దాని కిందికి రాదు. ఆస్తి పోతుందంటారు. 1925 వారసత్వ చట్టం పిల్లలకు ఎంత వాటా వస్తుందో చెబుతుంది గానీ, వాళ్లు ఏ పాట పాడతారో అడగదు. అయితే తండ్రి వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చేయొచ్చు, అది ప్రార్థనకు ఠంచనుగా వెళ్లే కొడుకుకీ వర్తించే ప్రమాదమే. పేరు మార్చుకోవాలా? అక్కర్లేదు, ఏ చట్టమూ అడగదు. బాప్తిస్మాన్ని వెనక్కి తీసుకునే పూజ ఉందా? కతోలిక సంఘం దృష్టిలో జరిగిన బాప్తిస్మం జరిగినట్టే. బాధపడకండి, ఆ రిజిస్టరు మీ బ్యాంకు ఖాతాలోంచి ఏమీ లాగదు. జర్మనీలో మాత్రం నిజంగానే లాగుతుంది. అక్కడ ఉద్యోగానికి వెళ్లే తెలుగు ఇంజినీర్లు చిరునామా నమోదు చేయించేటప్పుడు మతం గడిలో కతోలిక్ అనో ఎవాంగెలిష్ అనో రాస్తే, ఆదాయపు పన్ను మీద ఎనిమిదో తొమ్మిదో శాతం చర్చి పన్ను పడుతుంది. నమ్మకం లేకుండా అలవాటుగా ఆ గడి నింపేసి, జీతం స్లిప్పు చూసి లబోదిబోమనేవాళ్లకు అక్కడి ప్రభుత్వ కార్యాలయంలో అధికారికంగా వైదొలగే దారి ఉంది.

ఒక్క అపోహ దగ్గర మాత్రం నోరు కాస్త తగ్గించాలి. చర్చి వదిలినవాళ్లు ఒంటరైపోతారనేది. దీన్ని బెదిరింపుగా వాడే పాస్టర్లంటే గౌరవం లేదు గానీ, మాటలో పస ఉందని ఒప్పుకోక తప్పదు. 2010లో అమెరికా సమాచారం మీద చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం ఒక అధ్యయనం చేశారు. క్రమం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది, కానీ ఆ తృప్తి అక్కడి స్నేహితుల వల్ల. సంఘంలో స్నేహితులు లేనివాళ్లకు చర్చికి వెళ్లడం వల్ల అంత లాభం కనబడలేదు. కాబట్టి దేవుడు పగబట్టాడన్నది అబద్ధమే. ఆస్పత్రిలో పడితే క్యారేజీ తెచ్చే స్త్రీల సమాజం, కూతురి సంబంధం చూసే పెద్దలు, చావు ఇంట్లో రాత్రంతా కూర్చునే జనం ఒక్కసారిగా దూరమవుతారన్నది మాత్రం నిజం. సమాధుల తోట సంఘానిదే అయితే అక్కడ చోటు ఎవరికివ్వాలో కూడా సంఘమే చెబుతుంది. ఇవేవీ విశ్వాసం నిజమని రుజువు చేయవు. అయినా వీటిని లెక్కలో వేసుకోకుండా, ఆవేశంతో ఆదివారం సభలో లేచి ప్రకటన చేసేసి బయటికి రావడం ధైర్యం కాదు, తొందర.

అందుకే వదలదలుచుకున్నవాళ్లు ముందు కాగితాలు, తర్వాత ప్రకటనలు అని పెట్టుకుంటే మంచిది. ఎస్సీ హోదా అడిగే ఉద్దేశమే లేకపోతే ఉన్న బీసీ-సీ సర్టిఫికెట్‌తో కొత్త ప్రయోగాలు చేయకండి. అడిగే ఉద్దేశం ఉంటే, తిరిగి చేరడం నిజమైనదైతేనే అడగండి. చేరిన తేదీ, చేర్చుకున్న సంస్థ ఇచ్చిన పత్రం, కులపెద్దల వాంగ్మూలాలు, తాతల కులం చూపే పాత రికార్డులు దరఖాస్తుకు ముందే పోగుచేసుకుని, బ్రోకరుని కాకుండా ఇలాంటి కేసులు వాదించిన వకీలుని కలవండి. పెళ్లి ఇంకా కాకపోతే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్పై రోజుల నోటీసు గోడ మీద అంటిస్తారు, ఇంట్లోవాళ్లకు అది చూసి తెలిసేకన్నా మీరే చెప్పడం నయం. పుట్టబోయే బిడ్డకు మతం రాయించడం ఇష్టం లేకపోతే, జనన ధ్రువీకరణ దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే వీలు కల్పించమని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది, ఆ తీర్పు నకలు జేబులో పెట్టుకుని వెళ్లండి, ఎందుకంటే కౌంటరు దగ్గరి గుమాస్తా దాన్ని చదివి ఉండడు. అయితే అలా రాయించిన బిడ్డకు రేపు రిజర్వేషన్ కావాల్సొస్తే ఏమవుతుందో ఇప్పుడే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోండి. బిడ్డ ఈఏపీసెట్ రాసేనాటికి ఆ సంభాషణ ఆలస్యమవుతుంది.