సున్నపురాయి సీమలో అక్వేరియం మొక్కలు

గాజు తొట్టిలో రంగు చేపలు తిరుగుతుంటే ఇంటికి ఎంతో అందం. వాటి మధ్య పచ్చని నీటిమొక్కలు కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అందం ఒక్కటే కాదండీ, చేపల మలినాన్ని మొక్కలు ఆహారంగా తీసుకుంటాయి కాబట్టి నీళ్ళు మాటిమాటికీ మార్చే పని తగ్గుతుంది. వేసవిలో బిందె నీళ్ళకు వెతుక్కునే మా అనంతపురం పక్క ఇది చిన్న లాభమేమీ కాదు. అయితే నిజం మొక్కలను ప్లాస్టిక్ మొక్కల మాదిరి గుచ్చి వదిలేస్తే బతకవు. అడుగున ఏం పోయాలి, ఎరువు ఎక్కడ వేయాలి అన్నది ముందే తెలుసుకోవాలి.

రాయిని పరీక్షించండి

మా యాడికిది సున్నపురాయి నేల. కోనుప్పలపాడు దగ్గరి గుహలు ఆ రాయిని నీళ్ళు కరిగించగా ఏర్పడినవే. వంటింటి తాడిపత్రి బండ మీద నిమ్మరసం చిందితే మచ్చ పడుతుంది చూడండి, పులుపు ఆ రాయిలోని సున్నాన్ని తినేయడం వల్లే అలా అవుతుంది. అలాంటి రాళ్ళు తొట్టిలో వేస్తే, మీరు మంచి వాన నీళ్ళు పోసినా కొన్నాళ్ళకు అవీ బోరు నీళ్ళలాగే కఠినమవుతాయి.

అందుకని ఇసుక గానీ గులకరాళ్ళు గానీ తెచ్చుకున్నప్పుడు కొన్నిటిని నలగ్గొట్టి, ఆ పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుడగలు వస్తే అది సున్నపురాయి, పక్కన పెట్టేయండి. తెల్ల పలుగురాయి ముక్కలకు బుడగలు రావు. అవి తొట్టికి మంచివి. సజ్జగింజ నుంచి జొన్నగింజంత సైజు ఉంటే సరిపోతుంది. మరీ సన్నని ఇసుక గట్టిపడి వేళ్ళకు ఊపిరాడనివ్వదు. మరీ పెద్ద రాళ్ళయితే సందుల్లో చేపల మేత ఇరుక్కుని కుళ్ళిపోతుంది.

కింద మట్టి, పైన రాళ్ళు

రాళ్ళలో మొక్కకు తిండి ఉండదు. అంగళ్ళలో దొరికే ప్రత్యేకమైన మట్టి గుళికలు మంచివే, కానీ ఖరీదు ఎక్కువ. పైగా కఠినమైన నీళ్ళలో వాటి బలం త్వరగా తగ్గిపోతుంది. దానికి బదులు మామూలు మట్టి చాలు. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ఎందరికో తెలిసింది.

మట్టి ఎర్రమట్టి అయితే మేలు. దాని ఎరుపు ఇనుము వల్ల వచ్చిందే. నల్లరేగడిలో సున్నపు గడ్డలు ఉంటాయి, అది వద్దు. పురుగుమందులు, రసాయన ఎరువులు పడిన చేని మట్టి కూడా వద్దు. పేడ, వర్మికంపోస్టు అసలే కలపకండి, కుళ్ళి చేపలను చంపుతాయి. మట్టిని జల్లించి, దానికీ వెనిగర్ పరీక్ష చేసి, నానబెట్టి పై నీళ్ళు వంచేసి ఎండబెట్టండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. తొట్టి అడుగున అంగుళం మందం మట్టి, దాని మీద అంగుళం నుంచి అంగుళంన్నర పలుగురాళ్ళు పరచండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టికి అంగుళం మందానికి సుమారు 5 లీటర్ల మట్టి పడుతుంది. నీళ్ళు పోసేటప్పుడు ఒక పళ్ళెం పెట్టి దాని మీద నిదానంగా పోస్తే మట్టి లేవదు.

మొక్కలు నాటిన తర్వాత కనీసం 3, 4 వారాలు ఆగి చేపలను వదలండి. మట్టి నుంచి మొదట్లో అమ్మోనియా వస్తుంది. దాన్ని మార్చే మేలైన సూక్ష్మజీవులు పెరగడానికి అంత సమయం పడుతుంది.

ఎరువు వేరు దగ్గరే

చెనిక్కాయ చేలో లేత ఆకులు పసుపు తిరగడం ఈ పక్క రైతు ఇళ్ళలో అందరూ చూసిందే. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అందుకే అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతారు. తొట్టిలో మొక్కలకూ ఇదే జబ్బు వస్తుంది. అలాగని అన్నభేదిని తొట్టిలో వేయకండి. మన నీళ్ళలో అది తుప్పు మాదిరి మారి అడుగుకు చేరుతుంది, మొక్కకు అందదు. ఇనుమును వేరు దగ్గరే ఉంచాలి. రాళ్ళ కింద గాలి తక్కువగా ఉండే ఎర్రమట్టిలో ఇనుము కరిగి వేళ్ళకు అందుతుంది. ఏడాది, రెండేళ్ళకు మట్టి బలం తగ్గినప్పుడు వేరు దగ్గర గుచ్చే ఎరువు బిళ్ళలు వాడుకోవచ్చు.

పాత ఆకులకు చిల్లులు పడుతుంటే పొటాష్ చాలడం లేదని అర్థం. అక్వేరియం కోసం అమ్మే ద్రవ ఎరువును డబ్బా మీద రాసిన దాంట్లో సగం వేసి రెండు వారాలు చూడండి. నత్రజని, భాస్వరం చేపల మేత నుంచే వస్తాయి. యూరియా, డి.ఏ.పి. మాత్రం చిటికెడైనా వేయకూడదు. వాటి నుంచి వచ్చే అమ్మోనియా మన సున్నపు నీళ్ళలో ఇంకా విషమవుతుంది.

మొక్కలు కూడా నీళ్ళకు తగ్గవే ఎంచుకోండి. వాలిస్నేరియా, హైడ్రిల్లా కఠినమైన నీళ్ళలో హాయిగా పెరుగుతాయి. అనూబియాస్, జావా ఫెర్న్‌లను మట్టిలో పాతకుండా కర్రకు దారంతో కడితే చాలు. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు వేయండి. అంతకంటే ఎక్కువైతే పాచి పడుతుంది.

ఎండాకాలం తొట్టిలో నీళ్ళు ఆవిరైపోయినా ఉప్పు, సున్నం అందులోనే మిగులుతాయి. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే అవి ఇంకా చిక్కబడతాయి. తొట్టికి గాజు మూత పెట్టి, తగ్గినంత మేరకు పట్టి ఉంచిన వాన నీళ్ళు పోయండి. మార్చి తీసిన పాత నీళ్ళను మాత్రం మోరీలో పారబోయకండి. చేపల మలినమే ఎరువు కాబట్టి కరివేపాకు చెట్టుకు, మల్లె పాదుకు పోస్తే ఆ నీళ్ళు రెండోసారి అక్కరకొస్తాయి.