కాన్పు కాగానే రక్తపోటు పోదు
(సభ్యుల కుటుంబాలకు కొన్ని సూచనలు)

మన సంఘాలలో ప్రతి సభ్యుని పాలనూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పరీక్షిస్తాము. నిన్న వెన్నశాతం బాగున్నదని నేడు పరీక్ష మానుకోము. ఈ పద్ధతినే ఇంటిలోని గర్భిణి, బాలింతల రక్తపోటు విషయంలోనూ పాటించవలెనని సభ్యులకు మనవి చేస్తున్నాము.

ఉప్పల్, నాచారం వైపు తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యుని ఇంట జరిగిన సంగతి విన్నాము. కోడలికి తొలి కాన్పు. ఎనిమిదవ నెలలో ముఖం, చేతులు ఉబ్బినవి. కడుపుతో ఉన్నవారికి ఇది మామూలేనని పెద్దలు ఊరుకున్నారు. ఆమె పురిటికి పుట్టింటికి వెళ్ళినది గాని, పరీక్షల కార్డు అత్తవారింటనే ఉండిపోయినది. కాన్పు సుఖంగా జరిగినది. అయిదవ రోజున తలనొప్పి, కండ్లు మసకలు. నీరసమనుకున్నారు. ఆ రాత్రి ఫిట్సు వచ్చినవి. వెంటనే 108 వాహనంలో దవాఖానాకు చేర్చినందున తల్లి ప్రాణం దక్కినది. “కాన్పు అయింది గదా, ఇంకేం భయమనుకున్నాం సార్” అన్నాడు ఆ ఇంటి పెద్ద. ఆ మాటే మా చేత ఈ వ్యాసం వ్రాయించినది.

జబ్బు సంగతి

గర్భిణికి రక్తపోటు 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే ఎక్కువ అని లెక్క. 160/110 దాటితే అది అపాయకరం. ఆనాడే దవాఖానాలో చేర్చవలెను. అయిదవ నెల తరువాత రక్తపోటు పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు పోవడం మొదలైతే మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చును. మాయకు రక్తం సరిగా అందక శిశువు ఎదుగుదల తగ్గును. ముదిరితే ఫిట్సు వచ్చును. దీనినే మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. ఇది గాలి సోకడం కాదు, దిష్టి కాదు.

తొలి కాన్పువారికి, కవలలు ఉన్నవారికి, మధుమేహం గలవారికి, వెనుకటి కాన్పులో రక్తపోటు వచ్చినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. అటువంటివారు మూడవ నెలలోనే డాక్టరుకు చెప్పుకోవలెను. కొందరికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ వ్రాసి ఇస్తారు. సొంతంగా వాడరాదు.

చిక్కేమనగా, రక్తపోటు పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. పాలను కంటితో చూచి వెన్నశాతం చెప్పలేనట్లే, మనిషిని చూచి రక్తపోటు చెప్పలేము. కొలిచి తీరవలెను.

పాలు, కాల్షియం

కాల్షియం తక్కువగా తినే స్త్రీలకు గర్భకాలంలో కాల్షియం బిళ్ళలు ఇస్తే ఈ జబ్బు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావలెనని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు లభించును. పాలన్నీ కేంద్రంలో పోసి, గర్భిణికి చాయలోకి మాత్రమే మిగిల్చే ఇండ్లను మేము చూచినాము. ఇది సరికాదు. అయితే పాలు రక్తపోటుకు మందు కాదు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం బిళ్ళలు నాలుగవ నెల నుండి కాన్పు అయిన ఆరు నెలల వరకు రోజుకు రెండు వేసుకోవలెను. ఐరన్ బిళ్ళతో కలిపి వేయరాదు. రెండు గంటలైనా తేడా ఉండవలెను.

గుర్తుంచుకోవలసినవి

1. ప్రతి పరీక్షలోనూ రక్తపోటు కొలిపించి, అంకె కార్డులో వ్రాయించవలెను. పుట్టింటికి వెళితే కార్డు కూడా వెంట వెళ్ళవలెను.

2. కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చొని విశ్రాంతి తీసుకోవలెను.

3. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రొమ్ము క్రింద కడుపునొప్పి, ఆయాసం, ముఖం చేతుల వాపు, మూత్రం తగ్గడం — వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు. 108కి ఫోను చేయవలెను.

4. కాన్పు తరువాత మూడవ రోజు నుండి ఆరవ రోజు వరకు రక్తపోటు మరల పెరగవచ్చును. ఆరు వారాల వరకు జాగ్రత్త అవసరం. ఇంటికి వచ్చినా మొదటి వారంలో కొలిపించవలెను.

5. బాగున్నదని మాత్రలు మానరాదు. పాలిచ్చే తల్లికి తగిన మందులు ఉన్నవి. గర్భానికి ముందు వాడిన రక్తపోటు మాత్రలలో కొన్ని గర్భిణికి పనికిరావు గనుక ముందుగానే డాక్టరుకు చూపవలెను.

6. ఒకసారి ఈ జబ్బు వచ్చినవారు జీవితమంతా ఏడాదికొకసారి రక్తపోటు చూపించుకోవలెను.

ఫిట్సును ఆపుటకు మెగ్నీషియం సల్ఫేటు ఇంజెక్షన్ ఉన్నది. 33 దేశాలలో సుమారు పదివేల మంది స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన పరిశీలనలో దీనివలన ఫిట్సు సగానికి పైగా తగ్గినవి. సకాలంలో చేరినవారికే ఈ మేలు.

ఉప్పల్, నాచారం వాసులకు వైద్యం దూరం కాదు. కార్ఖానాలలో పనిచేస్తూ ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. పెద్ద వైద్యానికి గాంధీ ఆసుపత్రి, సుల్తాన్‌బజార్, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రులు ఉన్నవి.

కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాలు పోయు వేళ సభ్యులకు చదివి వినిపించగలరు. వీలైన సంఘాలు రక్తపోటు కొలిచే పరికరం ఒకటి కొని, ఆశా కార్యకర్త సహాయంతో సభ్యుల ఇండ్లలోని గర్భిణులకు, బాలింతలకు ఉపయోగించగలరని కోరుచున్నాము.