వైఫైకీ గడియ వేద్దాం

స్కాలర్‌షిప్ కోసం, వితంతు సహాయం కోసం మన సొసైటీకి వచ్చే దరఖాస్తులను మనలో చాలామందిమి ఇంటి కంప్యూటర్‌లోనే నమోదు చేస్తున్నాం. అందులోని ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు మన దగ్గరున్న అమానత్. తలుపుకు గడియ పెట్టినా వైఫై సిగ్నల్ గోడ దాటి వీధిలోకి వెళుతుంది. కాబట్టి దానికీ గడియ కావాలి.

రౌటర్ అడుగున అంటించిన చీటీలోని చిరునామాను (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో టైపు చేస్తే సెట్టింగులు తెరుచుకుంటాయి. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మొదట మార్చాలి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. పాత పరికరాలు కలవకపోతే డబ్ల్యూపీఏ2 చాలు. డబ్ల్యూఈపీ మాత్రం వద్దు, దాని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పిల్లల పేర్లు కాకుండా, పొంతనలేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోవాలి. డబ్ల్యూపీఎస్ ఆపేయాలి. రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేస్తుండాలి.

పొరుగువారు, అతిథులు నెట్ అడిగితే కాదనలేం. వారికి గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇద్దాం. నెట్ వారికి అందుతుంది, మన కంప్యూటర్ వేరుగా ఉంటుంది.

దానం గుప్తంగా చేయాలంటాం. తీసుకున్నవారి వివరాలనూ అంతే గుప్తంగా కాపాడదాం.