పేకముక్కలూ - ముఖకవళికలూ



ఆడవాళ్ల కార్యక్రమంలో పేకాట ఊసేమిటని ముక్కున వేలేసుకోకండి. డబ్బు పెట్టి ఆడమని నేను చెప్పబోవడం లేదు. ఆ ఆట వల్ల పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పదలచింది ఎదుటి మనిషి ముఖం చూసి మనసు తెలుసుకోవడం గురించి. అది మనం రోజూ చేసే పనే కదా! ఆఫీసు నుంచి వచ్చినాయన చెప్పులు విప్పుతూండగానే ముందు కాఫీ ఇవ్వాలో, ముందు కబురు చెప్పాలో తేల్చేసుకుంటాం.

సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. కనుమ నాటి రాత్రి పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి పోకర్ అనే ఆట నేర్పాడు. పందేనికి చింతగింజలు, తలా యాభై. నాకు రమ్మీ వచ్చునన్న ధీమాతో నేనూ కూర్చున్నాను. గంట తిరక్కుండా నా గింజలన్నీ వాడి ముందు కుప్పపడ్డాయి. "నీ ముక్కలు చూడక్కర్లేదత్తయ్యా, నీ మొహం చూస్తే చాలు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం పౌరుషం వచ్చింది.

రమ్మీలో ఎవరి ముక్కలు వారు కలుపుకోవాలి. కలవకపోతే ఎంత గంభీరంగా కూర్చున్నా ఆట చూపలేం. పోకర్ అలా కాదు. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో ఐదు ముక్కలు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి, అందరికీ కనబడేలా తెరుస్తారు. ఆ ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. తెరిచిన ప్రతిసారీ పందెం పెంచవచ్చు. అంత పెట్టడం ఇష్టం లేనివాడు ముక్కలు పడేసి తప్పుకుంటాడు. అందరూ తప్పుకున్నారనుకోండి, మిగిలినవాడు తన ముక్కలు చూపించనక్కర్లేకుండానే కుప్పంతా తీసుకుంటాడు. కిటుకంతా ఇక్కడే ఉంది. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచి బుకాయించవచ్చన్నమాట.

2003లో లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోటీలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు అదే చేశాడు. చివరికి ఇద్దరు మిగిలారు. ఎదురుగా ఉన్న సామీ ఫర్హా చేతిలో తొమ్మిదుల జత పడింది. మనీమేకర్ చేతిలో జతైనా లేదు. అయినా తన బిళ్లలన్నీ ముందుకు తోసి బొమ్మలా కూర్చున్నాడు. ఆటలో తలపండిన ఫర్హా అతని వంక చూశాడు, మాట కదిపాడు, ఆఖరికి ముక్కలు పడేశాడు. ఆ పోటీలో మనీమేకర్‌కు 25 లక్షల డాలర్లు వచ్చాయి.

మరి ముఖంలో నిజం దాగదంటారు గదా, అదేమైంది? దీని మీద పెద్దవాళ్లు చాలాకాలంగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఫ్రాన్సులో డూషెన్ అనే వైద్యుడు ముఖంలోని కండరాలకు సన్నగా విద్యుత్తు తగిలించి, ఏ కండరం ఏ భావాన్ని చూపిస్తుందో ఫొటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. పెదవుల కొనలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుంది అన్నాడాయన. పెళ్లిలో ఫొటోగ్రాఫరు "నవ్వండమ్మా" అన్నప్పుడు వచ్చే నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. అయితే కళ్ల దాకా నవ్వును తెచ్చిపెట్టుకోగలవాళ్లు కూడా ఉన్నారని తరువాతి పరిశోధకులు చూపారు. అలాంటివాళ్లు పోకర్ బల్ల దగ్గర ఉండరంటారా?

నాకు తోచినంతవరకు అసలు చిక్కు వేరే ఉంది. ముఖం భావాన్ని చెబుతుంది గాని కారణాన్ని చెప్పదు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకునే రోజుల్లో మాస్టారు సాత్త్విక భావాలు ఎనిమిదని చెప్పేవారు. చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, ఇలాంటివి. ఒక్కొక్కదానికి నాట్యశాస్త్రం ఎన్ని కారణాలు చెప్పిందో! వణుకు భయంతోనూ వస్తుంది, సంతోషంతోనూ వస్తుంది, చలికీ వస్తుంది, ముసలితనానికీ వస్తుంది. కన్నీటికి ఆయన చెప్పిన కారణాల్లో పొగ కూడా ఉంది. కట్టెల పొయ్యి ఊదిన మా అమ్మకు ఇది వేరే చెప్పాలా?

పోకర్ ఆటగాళ్లు ఇదే సంగతి డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. మైక్ కేరో అనే ఆటగాడు 1984లో ఈ గుర్తుల మీదే ఒక పుస్తకం రాశాడు. పందెం పెట్టేటప్పుడు హఠాత్తుగా చెయ్యి వణికితే కొత్తవాడు "భయపడుతున్నాడు, బుకాయిస్తున్నాడు" అనుకుంటాడు. చాలాసార్లు అది తిరగబడుతుంది. గొప్ప ముక్కలు పడి, అప్పటిదాకా బిగబట్టుకున్న ఒత్తిడి వదిలినప్పుడు వచ్చే వణుకది. అలాగే, నిట్టూర్చి, ఏదో తప్పదన్నట్టు భుజాలెగరేసి పందెం పెట్టేవాడి దగ్గర బలమైన ముక్కలుంటాయట. గుడ్లురిమి చూసేవాడి దగ్గర ఏమీ ఉండదట. బలమున్నవాడు బలహీనుడిలా, లేనివాడు బలవంతుడిలా నటిస్తాడని ఆయన లెక్క. మా వీధిలో చీటీల వాళ్లను చూశాక ఈ మాట నాకు బాగా నచ్చింది.

మరీ విచిత్రం ఇంకొకటుంది. మన దేశంలో పుట్టి అమెరికాలో ప్రొఫెసరుగా పనిచేసిన నళినీ అంబాడీ, మైకేల్ స్లెపియన్, మరి ఇద్దరు కలిసి ఒక పరిశోధన చేసి 2013లో ప్రచురించారు. 2009 ప్రపంచ పోటీలో ఆటగాళ్లు పందెం పెట్టే చిన్న చిన్న దృశ్యాలు తీసుకున్నారు. కొందరికి మనిషిని మొత్తంగా చూపారు, కొందరికి ముఖమే చూపారు, కొందరికి చేతులే చూపారు. ముక్కలు మంచివో కావో చెప్పమన్నారు. మొత్తం చూసినవాళ్లు బొమ్మా బొరుసూ వేసినట్టే చెప్పారు. ముఖం మాత్రమే చూసినవాళ్లు అంతకన్నా అధ్వాన్నం. చేతులు మాత్రమే చూసినవాళ్లే కాస్త సరిగ్గా చెప్పగలిగారు! ఆరితేరిన ఆటగాడి ముఖం మనల్ని తప్పుదారి పట్టిస్తుందన్నమాట. చేతుల మీద అంత శ్రద్ధ ఉండదు కాబట్టి, మంచి ముక్కలున్నప్పుడు బిళ్లలు తోసే చెయ్యి సాఫీగా పోతుంది.

మర్నాడు రాత్రి నేను మా వాడి మొహం చూడటం మానేశాను. కళ్లజోడు సవరించుకున్నట్టు తల వంచి, గింజలు తోసే చెయ్యి చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండు గింజలు వెనక్కి వచ్చాయి. వాడు కనిపెట్టేసి తువ్వాలు కింద చేతులు పెట్టుకుని ఆడటం మొదలెట్టాడు. అది వేరే సంగతి.

నవ్వులాటకు చింతగింజలు పోతే పోయాయి. ఈ ముఖం చదివే విద్యతో నేను చేసిన ఒక తప్పు మాత్రం మీకు చెప్పాలి. పదేళ్ల కిందట నా ఉంగరం కనబడలేదు. ఇల్లంతా వెతికి, చివరికి పనిమనిషిని పిలిచి అడిగాను. అడిగానంటే, గట్టిగా ఏమీ అనలేదు. "ఉంగరం చూశావా?" అన్నాను, అంతే. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. పెదవులు తడారిపోయాయి. "లేదమ్మా" అన్న మాట గొంతు దాటి రావడం కష్టమైంది. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. నా చూపులోనూ అది కనబడే ఉంటుంది. మర్నాటి నుంచి ఆమె రాలేదు. రాకపోవడం కూడా నాకు సాక్ష్యంలాగే తోచింది.

వారం రోజుల తరువాత గూట్లో ఉన్న ఇత్తడి సోల దింపితే లోపల గలగలమంది. ఆవకాయ కలపబోతూ ఉంగరం తీసి అందులో వేసింది నేనే.

పాల్ ఎక్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఇలాంటి తప్పుకు 'ఒథెల్లో పొరపాటు' అని పేరు పెట్టాడు. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో భార్య ముఖంలో భయం, దుఃఖం చూస్తాడు. చూసింది నిజమే. అవి తప్పు చేసినందుకు వచ్చాయనుకోవడమే పొరపాటు. నిజం చెప్పేవాడికి కూడా, తన మాట నమ్మరేమోనన్న భయం ఉంటుంది గదా!

నేను ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. ఉంగరం దొరికిందని చెప్పి, నాది తప్పన్నాను. ఆమె చేట పక్కన పెట్టి అంది: "ఇదివరకు పనిచేసిన ఇంట్లో గొలుసు పోతే పోలీసులను పిలిచారమ్మా. తరవాత గొలుసు వాళ్ల బీరువాలోనే దొరికింది. మీరు అడగ్గానే ఆ రోజే కళ్లముందుకొచ్చింది."

పోలీసుల సంగతి ఆ రోజు నేను అడగనే లేదు. మూడేళ్లుగా మా ఇంట్లో అంట్లు తోముతున్నా, అంతకు ముందు ఎక్కడ పనిచేసిందో కూడా నాకు తెలియదు. ఆమె మళ్లీ మా ఇంటికి పనికి రాలేదు. రమ్మని రెండుసార్లు కబురు పెట్టాను. వేరే ఇల్లు కుదిరిందని చెప్పి పంపించింది.