రికార్డు పెట్టె కొనాలా, అద్దెకు తీసుకోవాలా?
ధర ఒక్కటే చూసి మోసపోవద్దు - కాగితం చదివి సంతకం చేయండి

యానాం: టీవీలో వచ్చే కార్యక్రమాన్ని మనం ఇంట్లో లేనప్పుడు పట్టి ఉంచి, తీరిక దొరికినప్పుడు చూపించే సెట్ టాప్ బాక్సు చేతికందే ధరలోకి వచ్చి చాలా కాలమైంది. తెల్లవారుజామున వలకు పోయేవారికి, చేపల గంపతో ఊళ్ళు తిరిగి పొద్దుపోయాక ఇల్లు చేరే ఆడవారికి, రాత్రి డ్యూటీ చేసే కార్మికులకు ఇది పనికొచ్చే వస్తువే. అయితే దీన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలా, నెలనెలా అద్దె కట్టి వాడుకోవాలా అన్నది తేల్చుకోవడం అంత తేలిక కాదు. ఈ విలేఖరి ఇంట్లోనే ఈ లెక్క తప్పింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

డెక్కు రోజులు గుర్తున్నాయా?

అద్దె బేరం మన డెల్టాకు కొత్తది కాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సమయంలో దేశంలో రంగుల టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే వీడియో డెక్కు ఊళ్ళలోకి వచ్చింది. పండుగకో, పెళ్ళికో కుర్రాళ్ళు తలా కొంత చందా వేసుకుని కలర్ టీవీ, డెక్కు, రెండు మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవారు. వీధిలో బల్ల వేసి, దాని మీద టీవీ పెట్టి, ఊరంతా చాపలు పరుచుకుని కూర్చునేది. తెల్లారే సరికి సామాను తిరిగి అప్పగించాలి.

మా నాన్నగారు ఎదుర్లంక రేవులో పంటు మీద పనిచేసేవారు. డెక్కును గోనెసంచిలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని గోదావరి దాటేవారని ఆయన చెబుతుండేవారు. 2002లో వంతెన వచ్చింది, ఆ రేవు పని పోయింది. అంతకుముందే కేబుల్ టీవీ వచ్చి డెక్కు పని కూడా పోయింది. ఏడాదికి నాలుగు రాత్రుల కోసం అద్దెకు తెచ్చుకున్నవారు నష్టపోలేదు. వేలు పోసి కొన్నవారి డెక్కులు అటకెక్కాయి. ఎప్పుడో ఒకసారి వాడే వస్తువు, త్వరగా పాతబడిపోయే వస్తువు అద్దెకు తీసుకోవడమే మేలని అప్పుడే తేలింది. కాని రోజూ వాడే వస్తువుకు ఈ లెక్క సరిపోదు.

ఈ పెట్టె ఏం చేస్తుంది?

మన దేశంలో హార్డ్ డిస్కు ఉన్న రికార్డింగు పెట్టెను టాటా స్కై సంస్థ 2008లో తెచ్చింది. ఆ సంస్థ పేరు 2022లో టాటా ప్లే అయింది. తరువాత మిగతా డిష్షు కంపెనీలు కూడా ఇలాంటివి తెచ్చాయి. కొన్ని పెట్టెల్లో డిస్కు లోపలే ఉంటుంది. మరికొన్నింటికి వెనుక ఉన్న రంధ్రంలో మనం పెన్‌డ్రైవ్ గాని, బయటి డిస్కు గాని పెట్టుకోవాలి.

మామూలు బొమ్మ అయితే గంట కార్యక్రమానికి సుమారు 1 జీబీ చోటు పడుతుంది. హెచ్‌డీ అయితే 3 నుంచి 4 జీబీ దాకా పడుతుంది. అంటే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మామూలు సీరియళ్ళు పాతిక గంటలకు పైగా పడతాయి, హెచ్‌డీ సినిమాలు మూడుకు మించవు.

రికార్డు కావాలంటే ఆ వేళకు కరెంటు ఉండాలి, పెట్టె స్విచ్ వేసి ఉండాలి. డిష్షు అయితే ఆకాశం కూడా సహకరించాలి. జోరు వాన పడితే సిగ్నలు పోతుంది, రికార్డు మధ్యలో తెగుతుంది. శ్రావణంలో వాన, వైశాఖంలో కరెంటు కోత చూసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

లెక్క ఇలా వేసుకోండి

ఉదాహరణకు పెట్టె ధర 1,500 రూపాయలు, అద్దె నెలకు 50 రూపాయలు అనుకుందాం. 30 నెలలకు అద్దె, ధర సమానమవుతాయి. ఆ తరువాత కొన్నవాడిదే లాభం. అయితే వారంటీ దాటాక ఒక్కసారి 500 రూపాయల మరమ్మతు వచ్చిందంటే ఆ 30 నెలలు కాస్తా 40 నెలలవుతాయి. అద్దె పెట్టె చెడితే మార్చి ఇచ్చే బాధ్యత సాధారణంగా కంపెనీదే. కాబట్టి అడగవలసిన అసలు ప్రశ్న ధర ఎంత అని కాదు, మన ఇంట్లో ఆ పెట్టె ఎన్నాళ్ళు బతుకుతుంది అని.

యానాంలోనూ, తీరం వెంబడి ఊళ్ళలోనూ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టినట్టే లోపలి బోర్డులూ తుప్పు పడతాయి. ఓల్టేజి హెచ్చుతగ్గులు, పిడుగులు సరేసరి. ఉరిమినప్పుడు ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు, డిష్షు వైరు కూడా తీయాలి. ఇంట్లో ఇన్వర్టరో, స్టెబిలైజరో లేని వారికి, మూడేళ్ళలోపు కంపెనీ మార్చే ఆలోచన ఉన్నవారికి అద్దె మంచిది. కరెంటు నికరంగా ఉండి, అయిదేళ్ళు అదే కనెక్షను ఉంచుకునేవారికి కొనడం మంచిది.

యానాంలో కొంటే పన్ను తక్కువ అనే మాట ఈ వస్తువుకు ఇప్పుడు చెల్లదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక కాకినాడలో కొన్నా, యానాంలో కొన్నా పన్ను ఒకటే. పెట్రోలు సంగతి వేరు, అది జీఎస్టీలో లేదు.

కొన్నది మనదేనా?

పల్లెల్లో కూడా కేబుల్ ప్రసారాలు డిజిటల్ కావాలని ప్రభుత్వం పెట్టిన ఆఖరి గడువు 2017 మార్చి 31. అప్పటి నుంచి పెట్టె లేనిదే బొమ్మ లేదు. ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీకి సాధారణంగా పనిచేయదు. ఏ కంపెనీకైనా పనిచేసే పెట్టెలు రావాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది. కాబట్టి మీరు కొన్న పెట్టె కనెక్షను మార్చిన నాడు బల్ల మీద బొమ్మలా మిగిలిపోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని కనెక్షన్లలో మొదట కట్టిన సొమ్ము పెట్టె ధర కాదు, కనెక్షను ఇచ్చినందుకు రుసుము మాత్రమే. పెట్టె కంపెనీదేనని షరతుల కాగితంలో చిన్న అక్షరాలతో ఉంటుంది. మనం కొన్నామనుకుంటాం, వారు అప్పగించామంటారు.

మా ఇంటి అనుభవం

2022 జూలై గోదావరి వరదలకు యానాంలో లోతట్టు వీధులు మునిగాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మా నాన్నగారు ఒక వార్తా ఛానలు వారితో అర నిమిషం మాట్లాడారు. ఆ రాత్రి వార్తలను మా అద్దె పెట్టెకు పెన్‌డ్రైవ్ తగిలించి రికార్డు చేశాను. వచ్చినవారందరికీ అమ్మ అది వేసి చూపించేది. మరుసటి ఏడాది నాన్నగారు కాలం చేశారు.

కొన్నాళ్ళకు పెట్టె చెడింది. ఫోను చేస్తే మూడో రోజున కుర్రాడు వచ్చి పైసా తీసుకోకుండా కొత్త పెట్టె పెట్టి, పాతది పట్టుకుపోయాడు. అద్దె పెట్టె తీసుకోవడం ఎంత మంచిదయిందో అనుకున్నాం. సాయంత్రం అమ్మ పెన్‌డ్రైవ్ తగిలించింది. బొమ్మ రాలేదు. కంప్యూటరులో పెట్టినా రాలేదు.

కారణం తరువాత తెలిసింది. ఇలాంటి పెట్టెలు బొమ్మకు తాళం వేసి దాస్తాయి. ఆ తాళం చెవి ఆ పెట్టెలోనే ఉంటుంది. పెట్టె మారితే, కొన్నిటికి కనెక్షను ఆగినా, రికార్డు తెరుచుకోదు. కొన్న పెట్టె అయితే మరమ్మతు చేయించి చూసేవాళ్ళం. అద్దె పెట్టె వెళ్ళిపోయింది, తిరిగి అడిగితే ఎక్కడుందో చెప్పేవారు లేరు. ఆ కుర్రాడి తప్పు లేదు. ముందే అడగని తప్పు నాది.

ఇవి అడిగి తెలుసుకోండి

పెట్టె సొంతమా, అప్పగింతా? అద్దె అయితే డిపాజిట్ ఎంత, తిరిగి ఎప్పుడు ఇస్తారు? వారంటీ ఎన్ని నెలలు, పిడుగు పడి కాలితే ఎవరిది భారం? రికార్డింగు సదుపాయానికి వేరే రుసుము ఉందా? ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేయవచ్చా? పెట్టె మారిస్తే పాత రికార్డులు వస్తాయా? జవాబులు నోటిమాటగా కాక బిల్లు మీద రాయించుకోండి. డిపాజిట్ ఇవ్వకపోయినా, మాట తప్పినా ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

సీరియలు, క్రికెట్టు చూసి చెరిపేసేవారికి అద్దె పెట్టె చాలు. చాలా సీరియళ్ళు మరునాడు ఫోనులోనే దొరుకుతున్నాయి గనుక కొందరికి రికార్డు పెట్టె అవసరమే ఉండకపోవచ్చు. కలకాలం దాచుకోవలసింది ఏదైనా వస్తే మాత్రం, పెట్టె సొంతమైనా అద్దెదైనా, దాన్ని నమ్ముకోవద్దు. టీవీ ఆడుతుండగానే ఎదురుగా ఫోను పెట్టి వీడియో తీసి, ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచండి. బొమ్మ కాస్త మసకగా వచ్చినా మనిషి మిగులుతాడు.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. కనిపించకపోయినా అందులో ఆయన ఉన్నాడు కదా అంటుంది అమ్మ. తీసేయడానికి ఒప్పుకోదు.