బీరువా సర్దేటప్పుడు ముందు బట్టలు కాదు, కాగితాలు తీయండి

ఈ ఎపిసోడ్‌లో బెడ్‌రూమ్ బీరువా సర్దుడు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, ఇది చిన్న టాపిక్ కాదు.

పోయినేడాది ఒక రాత్రి మానుకోటలో మా నాన్నకు ఛాతీల నొప్పి వచ్చింది. హాస్పిటల్‌కు పోయినంక ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు అడిగిన్రు. "బీరువాల ఉన్నది బిడ్డా" అన్నది అమ్మ. నేను బండి మీద ఇంటికొచ్చి వెతికిన. అరలన్నీ కింద పోసినంక గంటంబావుకు ఒక చీర మడతల దొరికింది. నాన్న ఇప్పుడు బాగున్నడు. కానీ ఆ గంటంబావు నేను మర్చిపోలే.

సర్దుడు అంటే అందరూ మేరీ కోండో పేరు చెప్తారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె షో వచ్చింది. ఆమె వరుస ఏంటంటే ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివరికి జ్ఞాపకాల వస్తువులు. మంచి పద్ధతే. కానీ మన బీరువా ఒట్టి బట్టల అల్మారా కాదు కదా! పట్టాదారు పాస్‌బుక్, టెన్త్ మెమో, బంగారం, చిట్టీల పుస్తకం అన్నీ అందులోనే. అందుకే మన ఇంట్లో వరుస మార్చాలి.

మొదటి పని: బట్టలు ముట్టుకోకుండా కాగితాలన్నీ బయటికి తీయండి. ప్రతి మడత, ప్రతి కవర్ చూడండి. భూపాలపల్లిలో మా బాబాయి సింగరేణిలో చేస్తడు. ఆయన కాగితాలన్నీ ఒక్క ట్రంకు పెట్టెలో పెట్టి మంచం కింద ఉంచుతడు. ఇంట్లో ఎవరినడిగినా అదే పెట్టె చూపిస్తరు. మీరు కూడా ఒక ఫైలో, పెట్టెనో ఫిక్స్ చేసి ఇంట్లో అందరికీ చెప్పండి.

"వరంగల్ జిల్లా" అని ఉన్న పాత సర్టిఫికెట్లు పనికిరావనుకొని పారేయకండి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయి. అంతకుముందు జనగామ, మానుకోట, భూపాలపల్లి వరంగల్ జిల్లాలోనే ఉండె. కాబట్టి పాత కాగితంల పాత జిల్లా పేరే ఉంటది.

ఫోన్‌లో డిజిలాకర్ పెట్టుకోండి. ఒక తేడా గుర్తుంచుకోండి: డిపార్ట్‌మెంట్ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రానికి ఒరిజినల్ విలువ ఉంటది. మీరు ఫోటో తీసి అప్‌లోడ్ చేసిందానికి ఉండదు.

రెండో పని బట్టలు. మూడు కుప్పలు చేయండి: వాడేవి, ఇచ్చేసేవి, అడగాల్సినవి. మీ బట్టల సంగతి మీ ఇష్టం. అమ్మ బట్టలు మాత్రం అమ్మే తేల్చాలి. 2017 నుంచి కొన్నేళ్లు గవర్నమెంట్ ఇచ్చిన బతుకమ్మ చీరలు మా అమ్మ దగ్గర మడత విప్పకుండా ఉన్నయి. ఆ చీరల్లో ఎక్కువ సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవే. "ఇచ్చేద్దామా?" అంటే ముందు కోపం చేసింది. తర్వాత ఆమెనే రెండు ఉంచుకొని మిగతావి పంచింది. నాయనమ్మ నూలు చీరలు మాత్రం ఇయ్యలే. "బొంత కుట్టిస్తా" అన్నది. కుట్టించింది కూడా. ఇప్పుడు నాన్న కప్పుకునేది అదే.

స్టీల్ సామాన్లోళ్లకు బట్టలు వేసే ముందు జేబులన్నీ చూడండి. మాకు మూడు వందలు, ఒక తాళంచెవి దొరికినయి.

మూడో పని, తిరిగి పెట్టుడు. జనగామల మా అక్క పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లనే ఉంచింది. లోపల చెమ్మ చేరి జరీ నల్లబడ్డది. పట్టును పాత నూలు గుడ్డల చుట్టండి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకుండా చూడండి. టీషర్టులు ఒకదాని మీద ఒకటి కాకుండా, పుస్తకాల లెక్క నిలబెట్టండి. ఒకటి తీస్తే మిగతావి కూలవు.

అంతా అయినంక ఒక టెస్ట్ చేయండి. రాత్రి లైట్ ఆపి, ఫోన్ టార్చ్‌తో రేషన్ కార్డు వెతకండి. ఒక్క నిమిషంల దొరికితే మీ బీరువా సర్దినట్టే. దొరక్కపోతే ఎంత అందంగా మడతపెట్టినా సర్దనట్టే.

ఈ ఆదివారం చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.