చేసి చూచి వ్రాసిన యుదాహరణములు

ఆవకాయ పెట్టు విధమును వ్రాసినవారు దానిని తాము పెట్టి చూచిరో లేదో మన సోదరీమణులు చదువగనే కనిపెట్టగలరు. చూడక వ్రాసినచో, మూడవనాడు తిరుగ కలుపవలెనను మాటయే యందుండదు. కంప్యూటరు సాఫ్టువేరును వాడు విధమును దెల్పు వివరణములకును ఇదియే న్యాయము. అందును ఓపెన్ సోర్సు సాఫ్టువేరు, అనగా తన లోపలి వ్రాతను ఎవరైనను చూచి, దిద్ది, పంచుకొనుట కనుమతించునది, తన వివరణములను గూడ నలుగురిచేత వ్రాయించుకొనుచున్నది. ఆ నలుగురిలో గృహిణు లేల యుండరాదని మేమడుగుచున్నాము.

పైథాన్ అను కంప్యూటరు భాషనే తీసికొందము. దీనిని గైడో వాన్ రోసమ్ నెదర్లాండ్సులో నిర్మించి 1991లో విడుదల చేసెను. నేడు మన బడిపిల్లలును దీనిని నేర్చుచున్నారు. ఇందు 0.1కి 0.2 కలుపుమన్నచో ఎంత వచ్చును? పది పైసలకు ఇరువది చేర్చిన ముప్పదియే గదా యని 0.3 అని వ్రాసివేయుట సులభము. కాని యంత్రము చెప్పు జవాబు 0.30000000000000004. ఏలన, యంత్రము సున్న, ఒకటి అను రెండంకెలతోనే సంఖ్యలను దాచుకొనును. మన దశాంశములలో మూడింట నొకవంతు ముగియనట్లే, ఆ లెక్కలో పదింట నొకవంతు ముగియదు. ఊహించి వ్రాసిన 0.3ను నమ్మి యింటిపద్దు కట్టుకొనిన యామె, రెండు మొత్తములు సమానమా యని యడుగగా యంత్రము కాదనును. వ్రాసినవారి అశ్రద్ధకు చదివినయామె తన తెలివినే నిందించుకొనును. మాకు మిక్కిలి బాధ కల్గించున దిదియే.

ఇట్టి లెక్కలకై 2004లో డెసిమల్ అను సాధనము పైథాన్‌లో చేర్చబడినది. దానితో సరిగ 0.3 వచ్చును, కాని సంఖ్యలను కొటేషను గుర్తుల నడుమ నుంచవలెను, లేనిచో ఆ పిసరు తేడా మరల ప్రవేశించును. చేసి చూడనివారి కీ చిన్నసంగతి తట్టదు.

ఒకసారి చూచిన మాత్రమునను చాలదు. 2.5ను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరింపుమన్నచో పాత పైథాన్ 3.0 అనెడిది, 2008లో వచ్చిన మూడవ పైథాన్ 2 అనును. సరిగ నడుమనున్న దానిని సరిసంఖ్యవైపు త్రిప్పుట దాని పద్ధతి, కావున 3.5 మాత్రము 4 అగును. నాడు నిజమైన యుదాహరణము ఇట్లు అబద్ధమైనది. దీనికి విరుగుడుగ టిమ్ పీటర్స్ కల్పించిన డాక్‌టెస్ట్ అను సాధనము 2001 నుండి పైథాన్‌తోడనే వచ్చుచున్నది. మూడు బాణపు గుర్తుల ప్రక్క ప్రశ్నను, క్రింద జవాబును వ్రాసియుంచినచో, ఇది ప్రశ్నను మరల నడిగించి, వచ్చిన జవాబును అక్షరాక్షరము పోల్చి, భేదమున్న చాటిచెప్పును. ఇంత నిష్ఠగల అత్తగారు లోకమున అరుదు!

ఈ పనికి గొప్ప విద్వాంసురాలే కానక్కరలేదు. వివరణములోని యొక యుదాహరణమును ఉన్నదున్నట్లు టైపుచేసి చూడవలెను. ఫలము భేదించినచో తనది ఎన్నవ వర్షనో, తానేమి టైపుచేసెనో, ఏమి వచ్చెనో వ్రాయవలెను. వచ్చినదానిని అందముకొరకు దిద్దరాదు. పైథాన్ వివరణముల మూలప్రతి గిట్‌హబ్‌లో అందరికిని కనబడుచున్నది; దిద్దుబాటు నక్కడనే సమర్పింపవచ్చును. కార్యకర్తలు పరిశీలించి, సందేహము లడిగి, స్వీకరింతురు, ఒక్కొక్కప్పుడు త్రోసిపుచ్చుదురు. ఫైళ్లను తుడిచివేయు నుదాహరణములను మాత్రము బిడ్డల ఫొటోలున్న చోట పరీక్షింపక, వేరొక ఖాళీ ఫోల్డరులో పనికిరాని ఫైళ్లుంచి చేయవలెను.